'అని' దగ్గర ఆఫ్, 'అందుకు' దగ్గర ఫర్

భారత రాజ్యాంగం 20వ అధికరణంలో మూడు చిన్న క్లాజులున్నాయి. నేరం జరిగిన నాటికి అమల్లో లేని చట్టం కింద ఎవరినీ దోషిగా తేల్చకూడదని మొదటిది చెబుతుంది. ఒకే నేరానికి రెండుసార్లు విచారించి శిక్షించకూడదని రెండోది. నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషిని తనకు తానే వ్యతిరేక సాక్షిగా నిలబడమని బలవంతపెట్టకూడదని మూడోది. చట్టం చదివేవాళ్లు ఇందులో హక్కులు చూస్తారు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు ఇంకొకటి కూడా చూడాలని నా కోరిక. ఇంగ్లీషు మూలంలో 'కన్విక్టెడ్' తర్వాత 'ఆఫ్' ఉంది. 'ప్రాసిక్యూటెడ్ అండ్ పనిష్డ్' తర్వాత 'ఫర్' ఉంది. 'అక్యూజ్డ్' తర్వాత మళ్లీ 'ఆఫ్' వచ్చింది. మూడుచోట్లా చెబుతున్నది నేరం గురించే, మాట కూడా 'అఫెన్స్' ఒక్కటే. క్రియ మారినప్పుడల్లా దాని వెనకున్న చిన్న మాట మారిపోయింది.

ఈ తేడాను మన బడులు నేర్పిన తీరు ఏమిటి? రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం 1930ల నుంచి మన దేశంలో తరతరాల పిల్లల చేతుల్లో నలిగింది. ఏ మాట పక్కన ఏ ప్రిపొజిషన్ రావాలో చెప్పే పట్టికలు అందులో ఉన్నాయి. 'ఆఫ్' పట్టికలో అక్యూజ్డ్, అక్విటెడ్, అఫ్రెయిడ్ దగ్గరదగ్గరగా కూర్చుంటాయి. నిందపడ్డవాడు, నింద తొలగినవాడు, భయపడ్డవాడు ఒకే వరసలో ఎందుకున్నారో అక్షరక్రమం తప్ప ఇంకే కారణమూ పేజీలో కనబడదు. దాని పక్కన అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ తన విలేకరుల కోసం తయారుచేసుకున్న స్టైల్‌బుక్‌ను పెట్టి చూడండి. 'అక్యూజ్డ్' తర్వాత 'ఆఫ్' రాయాలి, 'విత్' కాదు అని అది కూడా ముక్తసరిగానే చెబుతుంది. కానీ 'అరెస్ట్' దగ్గరికి వచ్చేసరికి ఆగి కారణం వివరిస్తుంది. 'అరెస్టెడ్ ఫర్ కిల్లింగ్' అని రాస్తే విచారణకు ముందే తీర్పు చెప్పినట్టవుతుంది కాబట్టి 'అరెస్టెడ్ ఆన్ ఎ చార్జ్ ఆఫ్ కిల్లింగ్' అని రాయమంటుంది.

మొదటి పుస్తకం పరీక్ష రాసే పిల్లల కోసం, రెండోది రేపటి పేపర్లో ఒక మనిషి పేరు అచ్చువేయబోతున్న ఎడిటర్ కోసం. నా మొగ్గు పూర్తిగా రెండోదాని వైపే. మూడు అక్షరాల 'ఫర్' ఒక మనిషిని విచారణ లేకుండా దోషిని చేయగలదని అది గుర్తించింది. పట్టికలో ఆ ఎరుక లేదు. పట్టిక బట్టీ పట్టినవాడికి మార్కులు వస్తాయి. కానీ పట్టికలో లేని క్రియ ఎదురైతే ఏం చేయాలో తెలియదు.

తెలుగువాళ్లకు ఈ తేడా కొత్తగా నేర్పనక్కర్లేదని నా వాదన. అది మన నాలుక మీద ఉంది. ఈ రెండు వాక్యాలు పైకి చదివి చూడండి. 'డబ్బు కాజేశాడని ఆరోపించారు.' 'డబ్బు కాజేసినందుకు శిక్షించారు.' ఇప్పుడు తోకలు మార్చండి. 'డబ్బు కాజేసినందుకు ఆరోపించారు' అని ఏ తెలుగువాడూ అనడు. చెవి ఒప్పుకోదు. ఆరోపించాలంటే పని జరిగిందో లేదో ఇంకా తేలకుండా ఉండాలి. 'కాజేసినందుకు' అన్నామంటే కాజేయడం జరిగిపోయిందని మనమే ఒప్పుకున్నాం. ఒప్పుకున్న తర్వాత ఇక ఆరోపించడానికి ఏముంది? అనుమానించడమూ అంతే. 'కాజేశాడని అనుమానించారు' అంటాం, 'కాజేసినందుకు' అనం. తిట్టడం, తప్పుబట్టడం, క్షమించడం, మెచ్చుకోవడం, జరిమానా వేయడం మాత్రం 'అందుకు'తో హాయిగా ఒదుగుతాయి.

ఇంగ్లీషు క్రియలను ఈ గీతకు అటూ ఇటూ నిలబెట్టండి. అక్యూజ్, సస్పెక్ట్, కన్విక్ట్ ఒకవైపు చేరతాయి. 'గిల్టీ' అనే విశేషణం కూడా వాటి పక్కకే వస్తుంది. అన్నిటికీ 'ఆఫ్'. తెలుగులో అన్నిటికీ 'అని' సరిపోతుంది: చేశాడని ఆరోపించారు, చేశాడని అనుమానించారు, చేశాడని తేల్చారు. పనిష్, స్కోల్డ్, క్రిటిసైజ్, ఫర్‌గివ్, థాంక్, ప్రెయిజ్, ఫైన్ ఇంకోవైపు చేరతాయి. అన్నిటికీ 'ఫర్', అన్నిటికీ మన 'అందుకు'. మొదటి గుంపు 'చేశాడా?' అనే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. రెండో గుంపుకు ఆ ప్రశ్న ముగిసిపోయింది, 'చేసినదానికి ఏం చేద్దాం?' అన్నదొక్కటే మిగిలింది. రాజ్యాంగం 20వ అధికరణంలో తేల్చడానికి 'ఆఫ్', శిక్షించడానికి 'ఫర్' ఎందుకు వచ్చాయో ఇప్పుడు తెలుస్తుంది. ఇన్‌ఫార్మ్, రిమైండ్, కన్విన్స్ కూడా 'ఆఫ్' కోరతాయి. అవి నేరపు మాటలు కాకపోయినా వాటి వెనక వచ్చేది చెప్పిన సంగతి, గుర్తుచేసిన సంగతి, నమ్మించిన సంగతి. మనం వాటికీ 'అని' వాడతాం.

మరి నాలుక మీద ఉన్న తేడా ఇంగ్లీషు రాసేటప్పుడు ఎందుకు జారిపోతుంది? తప్పు విభక్తుల పట్టికది అనుకుంటాను. 'కొఱకున్, కై చతుర్థి' అని వల్లించిన మనసు 'ఫర్' కనబడగానే 'కొరకు' అంటుంది, 'ఆఫ్' కనబడగానే 'యొక్క' అంటుంది, 'విత్' కనబడగానే 'తో' అంటుంది. దొంగతనం యొక్క ఆరోపించడం ఏమిటో ఎవరికీ అర్థం కాదు. అర్థం కానప్పుడు 'ఫర్' కాస్త నయంగా తోస్తుంది, 'అక్యూజ్డ్ ఫర్ థెఫ్ట్' అని రాసేస్తాం. తెలుగులో నింద మోసే 'అని' గానీ, నిందపడ్డవాడిని చూపించే 'మీద' గానీ బడిలో వల్లించిన ఆ ఏడు విభక్తుల పట్టికలో లేవు. లేనిదాని జోడీ అందులో వెతికితే దొరకదు.

'మీద' మరీ ఇబ్బంది పెడుతుంది. నా మీద అనుమానం, అతని మీద కంప్లయింటు, మంత్రి మీద ఆరోపణలు. ఇవన్నీ చక్కని తెలుగు. ఇంగ్లీషులోకి దిగేసరికి 'డౌట్ ఆన్ మీ', 'కంప్లెయిన్డ్ ఆన్ హిమ్', 'ఎలిగేషన్స్ ఆన్ ద మినిస్టర్' అవుతాయి. అక్యూజ్, సస్పెక్ట్ రెండూ మనిషిని నేరుగా పట్టుకుంటాయి, మధ్యలో ఏ ప్రిపొజిషనూ ఉండదు. ఎలిగేషన్‌కూ కంప్లెయింట్‌కూ మనిషి ముందు కావలసింది 'అగైన్‌స్ట్'. మన 'మీద' ఉన్నదున్నట్టు చెల్లే చోటు 'బ్లేమ్' ఒక్కటే, అదీ ఒక షరతుతో. దాని సంగతి తర్వాత.

భాషాశాస్త్రవేత్త చార్ల్స్ ఫిల్‌మోర్ 1971లో అచ్చయిన ఒక వ్యాసంలో తీర్పు చెప్పే క్రియలను విడదీసి చూపించాడు. అక్యూజ్ అనేవాడు పని చెడ్డదని ముందే అనుకుని, దాన్ని ఈ మనిషే చేశాడని నొక్కి చెబుతాడు. క్రిటిసైజ్ చేసేవాడు ఈ మనిషే చేశాడని ముందే అనుకుని, అది చెడ్డదని నొక్కి చెబుతాడు. అనుకున్నదీ అన్నదీ రెండింటిలో తారుమారయ్యాయి. అక్రమంగా చెరువు పూడ్చారని ఒక కాంట్రాక్టరు మీద ఆరోపణ వస్తే, 'నేను పూడ్చలేదు' అన్నది సరైన జవాబు. పూడ్చినందుకు విమర్శిస్తే, 'పూడ్చడంలో తప్పేముంది' అన్నది సరైన జవాబు. రెండు మాటలకు రెండు రకాల వకాల్తా కావాలి. ఫిల్‌మోర్ చర్చ ప్రధానంగా క్రియల అర్థం మీద నడిచింది. ఆ అర్థం తెలుగులో క్రియ తోకకు అంటుకుని కనబడుతుందన్నది నేను దాని పక్కన పెట్టదలచిన మాట.

వినాయక చవితి నాడు అక్షతలు చేతిలో పట్టుకుని విన్న శమంతకమణి కథ ఈ మొత్తం వ్యవహారానికి మంచి పరీక్ష. సత్రాజిత్తు మణి ఇవ్వనన్నాడు. అతని తమ్ముడు ప్రసేనుడు మణి ధరించి వేటకు వెళ్లి తిరిగిరాలేదు. మణి కోసం కృష్ణుడే చంపాడని సత్రాజిత్తు అన్నాడు, ఊరు చెవులు కొరుక్కుంది. ఇంగ్లీషులో చెబితే ఊరు సస్పెక్ట్ చేసింది, సత్రాజిత్తు అక్యూజ్ చేశాడు, రెండింటికీ 'ఆఫ్'. కృష్ణుణ్ణి ఎవరూ చార్జ్ చేయలేదు, ఎందుకంటే అభియోగం మోపి బోనెక్కించే సభ ఏదీ ఆ కథలో కూర్చోలేదు. కృష్ణుడు తానే వెతుక్కుంటూ వెళ్లాడు. చచ్చిపడిన ప్రసేనుణ్ణి, సింహాన్ని చూశాడు, గుహలో జాంబవంతుడితో పోరాడి మణి తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టాడు. నింద తొలగింది. అక్కడ 'క్లియర్డ్ ఆఫ్' అనాలి. సత్రాజిత్తు సిగ్గుపడి మణినీ సత్యభామనూ ఇచ్చి క్షమాపణ వేడుకున్నాడు. ఇక్కడ ఇంగ్లీషు 'ఫర్' అడుగుతుంది: అక్యూజ్ చేసినందుకు క్షమాపణ. కృష్ణుడు చంపడం జరగని పని, కనుక అది 'అని'లోనే ఉండిపోయింది. సత్రాజిత్తు నింద వేయడం జరిగిన పని, కనుక అది 'అందుకు'లోకి వచ్చింది. ఒకే కథలో ఒకరి మాట ఆఫ్ దగ్గర ఆగిపోయింది, ఆ మాట అన్న తప్పు మాత్రం ఫర్ దాకా వచ్చింది. చంపినందుకు కృష్ణుణ్ణి నిందించారని ఎవరైనా కథ చెబితే పూజలో కూర్చున్న చిన్నపిల్ల కూడా 'ఆయన చంపలేదు కదా' అంటుంది.

ఈ విషయంలో తెలుగు ఇంగ్లీషు కంటే ఒక మెట్టు పైనుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. 'ఎదురు మాట్లాడినందుకు ఉద్యోగం తీసేశారు' అన్నప్పుడు ఎదురు మాట్లాడడం నిజమని చెప్పేవాడు కూడా పూచీ పడుతున్నాడు. 'ఎదురు మాట్లాడాడని ఉద్యోగం తీసేశారు' అంటే అది తీసేసినవాళ్ల మాట, చెప్పేవాడికి పూచీ లేదు. ఒక్క తోక మారిస్తే చాలు. ఇంగ్లీషులో 'పనిష్' పక్కన 'ఆఫ్' రాదు, 'ఫర్' తీసేయడానికి లేదు. అందుకని 'ఎలెజెడ్‌లీ' లాంటి మాట తెచ్చి మధ్యలో ఇరికించాలి. ఇంగ్లీషు పత్రికల్లో ఆ మాట ఎన్నిసార్లు కనబడుతుందో చదివేవాళ్లకు తెలుసు. మన 'అని' చప్పుడు చేయకుండా అదే పని చేస్తుంది.

ఇంగ్లీషు మెరుగ్గా ఉన్నచోటు కూడా ఉంది, అది దశలను వేరుచేయడం. మన పత్రికల్లో పక్కింటివాడు అన్నదీ ఆరోపణే, ప్రతిపక్షం అన్నదీ ఆరోపణే, కోర్టు నమోదు చేసినదీ చాలాసార్లు ఆరోపణే. కోర్టు చేసేదానికి అభియోగం అనే మంచి మాట ఉన్నా వార్తల్లో రెండూ కలిసిపోతాయి. ముద్దాయి అన్న మాట ఇంకో ఉదాహరణ. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. మన వాడుకలో అది నేరం మోపబడ్డవాడి నెత్తికెక్కింది. ఇంగ్లీషులో అక్యూజ్ ఎవరైనా చేయవచ్చు. నేరం విషయంలో చార్జ్ చేసేది సాధారణంగా అధికారం ఉన్నవాళ్లు, దానికి ప్రిపొజిషన్ కూడా వేరు, 'విత్'. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 211వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 234వ సెక్షన్ చార్జిలో ఏముండాలో చెబుతాయి. నేరం పేరు ముందు అక్కడ కనబడేది 'విత్'.

ఎందుకు 'విత్'? చార్జ్ మూలం లాటిన్‌లో బండికి బరువు ఎత్తడం. బండిని గడ్డితో నింపాం అన్నట్టు, మనిషిని నేరంతో నింపారు. మన ఆరోపణ కూడా సంస్కృతంలో ఒకదాని మీదికి ఇంకొకదాన్ని ఎక్కించడమే. రెండు భాషలూ నిందను బరువుగానే ఊహించాయి. కానీ ఇంగ్లీషు వాక్యం బండిని కర్మగా తీసుకుని బరువుకు 'విత్' తగిలించింది, మనం బరువును కర్మగా తీసుకుని బండికి 'మీద' తగిలించాం. అందుకే 'అతని మీద హత్యానేరం మోపారు' అన్న వాక్యాన్ని మాటకు మాట దించితే 'చార్జ్డ్ మర్డర్ ఆన్ హిమ్' అని వస్తుంది, చెడుతుంది. పొరపాటున 'చార్జ్డ్ హిమ్ ఫర్' అంటే హోటల్ బిల్లు వసూలు చేసినట్టు వినబడే ప్రమాదం ఉంది.

బ్లేమ్ ఈ రెండు దారుల్లోనూ నడుస్తుంది. మనిషి కర్మ అయితే 'ఫర్', తప్పు కర్మ అయితే 'ఆన్'. వంతెన కూలినందుకు ఇంజినీరును బ్లేమ్ చేయవచ్చు, లేదా కూలడాన్ని ఇంజినీరు మీదికి నెట్టవచ్చు. రెండోది అచ్చంగా మన 'మీద' వాక్యం. నేను ఇందాక చెప్పిన షరతు ఇదే: ముందు తప్పు, తర్వాత 'ఆన్', చివర మనిషి. 'బ్లేమ్డ్ ఆన్ హిమ్ ఫర్' అని రెండూ కలిపితే ఏదీ కాకుండా పోతుంది. 'బ్లేమ్ ఆన్' మర్యాద లేని వాడుక అని ఇరవయ్యో శతాబ్దంలో కొందరు ఇంగ్లీషు పండితులు పట్టుబట్టారు. ఆ పట్టుదలలో నాకు న్యాయం కనబడదు. మనిషిని ముందుంచాలా తప్పును ముందుంచాలా అని ఎంచుకునే వీలు రచయితకు మంచిదే.

బ్లేమ్‌లో ఇంకో మెలిక ఉంది. వంతెన కూలడం నిజం, అందులో సందేహం లేదు. దానికి ఈ మనిషి కారణమా అన్నదే తేలాలి. అంటే సగం తేలింది, సగం తేలలేదు. తెలుగు నిందించడం కూడా ఇలాగే రెండు తోకలనూ ఒప్పుకుంటుంది. చేశాడని నిందించారు, చేసినందుకు నిందించారు. రెండూ చెవికి నప్పుతాయి.

ఇదంతా ఇంగ్లీషుకు మొదటి నుంచీ ఉన్న ధర్మమని అనుకోవద్దు. లాటిన్‌లో నిందించే క్రియ పక్కన నేరాన్ని షష్ఠిలో పెట్టేవారు. ఫ్రెంచి దాని బదులు 'ద' వాడింది. 1898 జనవరి 13న లోరోర్ పత్రికలో రచయిత ఎమిల్ జోలా, దేశద్రోహం నింద పడిన సైనికాధికారి డ్రైఫస్ కోసం రాసిన బహిరంగ లేఖ చివర పేరుపేరునా అధికారులను నిలదీసిన వాక్యాలన్నీ ఆ 'ద' మీదే నడిచాయి. ఇంగ్లీషు 'ఆఫ్' ఆ కుటుంబానికి చెందినదే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయం తెరిస్తే, అగ్రిప్ప రాజు ముందు నిలబడిన పౌలు వాక్యంలో 'అక్యూజ్డ్ ఆఫ్' తర్వాత వచ్చేది నేరం కాదు, నేరం మోపినవాళ్లు. అప్పట్లో ఆ 'ఆఫ్'కు 'చేత' అనే అర్థం కూడా ఉండేది. షేక్‌స్పియర్ 'ద వింటర్స్ టేల్'లో రాణి హెర్మియోనీని విచారణకు నిలబెట్టినప్పుడు 'అరైన్డ్' పక్కన 'ఆఫ్' వాడాడు, ఇప్పటి కోర్టు వార్తల్లో అక్కడ 'ఆన్' రాస్తారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం రెండో అధికరణం నాలుగో సెక్షన్లో ఒకే నేరాల జాబితాకు ఇంపీచ్‌మెంట్ వైపు నుంచి 'ఫర్', కన్విక్షన్ వైపు నుంచి 'ఆఫ్' పక్కపక్కనే పెట్టారు. ఒకదాని బదులు ఇంకొకటి చెల్లుతుందని అనుకుని ఉంటే రెండూ రాసే శ్రమ ఎందుకు పడతారు?

ఇంపీచ్‌మెంట్ 'ఫర్' అనేసరికి నా సూత్రానికి చిక్కు వచ్చింది, దాన్ని దాటవేయను. ఇంపీచ్ చేసినంత మాత్రాన తప్పు తేలదు. ప్రాసిక్యూట్, ట్రై, ఇండైట్ కూడా అంతే. వీటన్నిటిలో ఇంకా 'అని' దశే నడుస్తోంది, అయినా ఇంగ్లీషు 'ఫర్' వాడుతుంది. నాకు తోచిన జవాబు, ఇవి మాట అనడం కాదు, యంత్రాంగాన్ని కదిలించడం. ఆ కదలికకు కారణం చూపించేది ఆ 'ఫర్'. తెలుగులోనూ ఇక్కడ 'హత్యానేరానికి విచారించారు' అని 'కి' వచ్చి చేరుతుంది, 'హత్య చేసినందుకు విచారించారు' అంటే మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది. కాబట్టి పిల్లలకు నేర్పేటప్పుడు ఈ నాలుగైదు క్రియలను విడిగా చెప్పాల్సిందే. మిగతావాటికి 'అని', 'అందుకు' పరీక్ష పెట్టమనండి. తెలుగు మీడియంలో చదివిన పిల్లకు ఇంగ్లీషు పట్టిక కంటే ఇది తొందరగా పడుతుంది.

అరెస్టు అన్నిటికంటే కష్టమైనది, ఎందుకంటే దానికి రెండు తోకలూ అతుకుతాయి. 'భార్యను చంపినందుకు అరెస్టు' అని శీర్షిక పెట్టినవాడు పోలీసుల మాటను తన మాటగా అచ్చువేశాడు. 'చంపాడని అరెస్టు' అంటే పోలీసుల మాట పోలీసులదిగానే ఉంటుంది. చాలా తెలుగు డెస్కులు అలవాటుగా రాసే 'హత్య కేసులో అరెస్టు' ఇంకా పదిలం. అందులో మనిషి గురించి ఏమీ తేల్చలేదు, కేసు ఉందన్న రుజువైన సంగతి ఒక్కటే చెప్పింది. ఇంగ్లీషులో 'ఆన్ ఎ చార్జ్ ఆఫ్' అని నాలుగు మాటల్లో చెప్పేదాన్ని మన సబ్ ఎడిటర్లు 'కేసులో' అన్న ఒక్క మాటతో చెబుతున్నారు. ఇంగ్లీషు ఎడిషన్‌కు అదే వార్త తిరగరాసేటప్పుడు ఆ 'కేసులో' కాస్తా 'ఫర్'గా మారిపోకుండా చూసుకోవాల్సింది కూడా వాళ్లే.